బూడిదలో దొరికిన షీట్లు

ఆగిరిపల్లి దగ్గర మేం కౌలుకు తీసుకున్న మామిడి తోటలో, మూడేళ్ల కిందట కొమ్మ విరిగి కింద పడ్డాను. నడుం నొప్పికి ఇచ్చిన మాత్రలు, నడుం బాగయ్యాక కూడా నన్ను వదల్లేదు. ఒక్క పూట మానితే చెమటలు, వణుకు, ఒళ్లంతా విరిచేస్తున్నట్టు బాధ. డాక్టరు చీటీ లేకుండా ఇచ్చే మందుల షాపు ఎక్కడుందో నాకు తెలుసు. మాత్రలు అయిపోయిన ఖాళీ షీట్లు నా భార్య కంట పడకుండా తోటలో ఎండుటాకుల మంటలో పడేసేవాణ్ణి. రెండేళ్లు అలా ఆమె కళ్లు కప్పి, నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

దొరికిపోయాక ఆమే నన్ను విజయవాడలో ఆసుపత్రికి లాక్కెళ్లింది. అక్కడ ఈ అలవాటు మాన్పించడానికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇస్తారు. రోజూ నర్సమ్మ ఎదురుగా కూర్చుని, అది కరిగేదాకా నోరు మూసుకుని, తర్వాత నాలుక ఎత్తి చూపించాలి. నాలాంటి వాగుడుకాయకి అంతకన్నా శిక్ష లేదు. కానీ వణుకు తగ్గింది, అన్నం సయించింది.

ఇంతలో కాయ కోతకొచ్చింది. రోజూ విజయవాడ పోతే తోట పోతుంది. పోకపోతే నేను మళ్లీ ఆ షాపుకే పోతాను. సంగతి విని డాక్టరమ్మ రెండు వారాల మందు ఇచ్చింది. నాకు కాదు, నా భార్య చేతికి.

"రోజూ మీ ఎదురుగానే వేయించండమ్మా. ఈ మందు బయట అమ్ముకునేవాళ్లున్నారు, అందుకే ఖాళీ షీట్లు తెస్తేనే మళ్లీ ఇస్తాం. లేకపోతే రోజూ రావాల్సిందే."

రెండు వారాలు బుద్ధిగా గడిచాయి. మళ్లీ విజయవాడ బయల్దేరే రోజు పొద్దున్న నా భార్య అడిగింది.

"ఖాళీ షీట్లేవండీ? డబ్బాలో వెయ్యమని మీకే ఇచ్చాను కదా."

షీటు చేతికొచ్చినప్పుడల్లా ఏ ఆలోచనా లేకుండా మంటలో పడేశాను. నేను మారినా నా చేతులు మారలేదు.

"కాల్చేశాను. ఒట్టు, ఎవరికీ అమ్ముకోలేదు."

"నేనే వేయించాను, నాకు తెలీదా? వాళ్లకేం చెప్తాం?"

తిడుతుందనుకున్నాను. ఆమె చీర ఎగదోపుకుని బూడిద కుప్ప దగ్గర కూర్చుంది. సిగ్గుపడి నేనూ కూర్చున్నాను. ప్లాస్టిక్ కాలిపోయింది గానీ వెనకాల వెండి రేకు మిగిలింది. చిల్లులు పడ్డ రేకులు ఒక్కొక్కటే ఏరి, కవర్లో వేసుకుని బస్సెక్కాం.

నర్సమ్మ వాటిని కాగితం మీద పరిచి, ఒక్కో చిల్లూ లెక్కపెట్టింది. మందు నా ఒంట్లోకే పోయిందో లేదో తేల్చడానికి నా మూత్రం పరీక్షకి పంపింది. ఆ గంటసేపు నాకు ఒకటే ఆలోచన. రెండేళ్లు అబద్ధాలాడితే అందరూ నమ్మారు, ఇవాళ నిజం చెప్తే నిలబడుతుందో లేదో.

నిలబడింది. డాక్టరమ్మ నా భార్య నల్లటి గోళ్ల వైపు చూసి నవ్వి, మరో రెండు వారాల మందు రాసింది. అమ్మయ్య అని నా భార్య బల్ల మీద కూలబడింది.

బస్సులో నేను మాట్లాడలేకపోయాను. కాసేపు చూసి ఆమే మోచేత్తో పొడిచింది.

"ఏంటండీ, నోట్లో మాత్రుందా?"

అడక్కుండానే నాలుక ఎత్తి చూపించాను.