విత్‌డ్రాకి ఆఖరి రోజు

నలభై మూడేళ్ల వయసులో వాటర్లూలో ఒక ఈవెనింగ్ కాలేజీలో ఫార్మసీ అసిస్టెంట్ కోర్సులో చేరాను. మొదటి పరీక్ష తప్పాను. రికార్డులో ఫెయిల్ అని పడకుండా మానేయడానికి కొన్నాళ్లు గడువిచ్చారు. ఆ గడువు ఆఖరి రోజు సాయంత్రం క్లాసుకి వెళ్లే బస్సెక్కి కూర్చున్నాను. మా ఆయనకి ఫోన్ చేసి, “నావల్ల కాదండీ, విత్‌డ్రా అయిపోతా” అన్నాను.

పక్క సీట్లో అరవై దాటినావిడ ఒళ్లో పుస్తకాల సంచీతో కూర్చుని ఉంది. నేను ఫోన్ పెట్టేశాక తెలుగులోనే అంది, “నేను రెండుసార్లు అలాగే మానేశానమ్మా. ఇది మూడోసారి చేరడం.”

“ఇప్పుడు భయం లేదా ఆంటీ?”

ఆవిడ చెయ్యి చాపి చూపించింది. వేళ్లు వణుకుతున్నాయి.

“మానేసినా పోలేదు. అందుకే వస్తున్నా.”

కాలేజీ స్టాపులో ఆవిడ దిగితే, వెనకే నేనూ దిగాను. ఆవిడ వేరే బిల్డింగువైపు వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు.

క్లాసులో టీచర్ హాజరు తీసుకుంటూ నా పేరు పిలిచేసరికి నేనింకా పుస్తకం తీస్తున్నాను. రెండోసారి పిలిచినప్పుడు పలికాను.