సిస్టరమ్మ వేలు పెట్టి చూడమన్న మట్టి

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన మంగళవారం ఖమ్మం దవాఖానాలో కన్నుమూసింది. ఫోన్ చేసింది ఆమె కోడలు. "అత్తమ్మ లేదక్కా" అంది. ఆఫీసుకు తయారవుతున్న నేను చేతిలో దువ్వెనతో అలాగే నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు నాకు భయమే వేసింది. పిలిస్తే పలికే మనిషి ఇక గోడ అవతల లేదు.

ఆమె ఇల్లందులో బొగ్గుబాయి దవాఖానా నర్సుగా చేసి రిటైరైంది. మా వీధిలో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. ఎవరింటికి వచ్చినా ముందు చేతులు కడుక్కునేది. మనం కడుక్కున్నామో లేదో కూడా ఓరకంట చూసేది.

రెండేళ్ల కిందట మేడ మీద పాత పెయింటు బకెట్లలో కీరదోస గింజలు వేశాను. తీగలు పందిరికి పాకి, వేలెడంత పిందెలు దిగాయి. నాలుగేళ్ల మా పాప పొద్దున లేస్తూనే వాటి దగ్గరికి పరుగెత్తేది. ఇంతలో కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నీళ్లు చాలలేదేమోనని రెండు పూటలా పోశాను. పసుపు ఇంకా పైకి పాకింది. కల్లూరులో మిరప వేసే మా తమ్ముడు చూడటానికి వచ్చినప్పుడు, మిగిలిపోయిన పురుగుమందు సీసా ఇచ్చి వెళ్లాడు. "పాపను మాత్రం అటు రానియ్యకక్కా" అని మరీ మరీ చెప్పాడు.

శనివారం పొద్దున ఆ మందు కొట్టాను. చేతులు కడుక్కోవడానికి కిందికి దిగాను. మేడ తలుపు గడియ వేశాననే అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. పాప పందిరి కింద కూర్చుని పిందె నములుతోంది. పెదాలు తడిగా మెరుస్తున్నాయి.

నా అరుపు విని సిస్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. అప్పటికే నేను పాప గొంతులో వేలు పెట్టబోతున్నాను. నా చెయ్యి పట్టి లాగేసింది.

"కక్కియ్యకు! ఏం గొట్టినవ్?"

"మిరప మందు, సిస్టరమ్మా..."

"సీసా యాడుంది? జల్దీ తే. డాక్టర్‌కు చూపియ్యాలె."

నేను సీసా వెతికి తెచ్చేలోగా ఆమె పాప నోరు పుక్కిలింపించి, మొహం, చేతులు సబ్బుతో కడిగి, గౌను విప్పి తన కొంగు చుట్టింది. ఆటో ఎక్కాం. సగం దారిలో పాప ఏడుపు మానేసి నా భుజం మీద తల వాల్చింది. నిద్రో, మరేమిటో తెలియలేదు.

"మాట్లాడియ్యి. పండనియ్యకు" అంటూ ఆమె పాప ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి చూస్తోంది. ఆటో కమ్మీని పట్టుకున్న రెండో చెయ్యి వణుకుతోంది. అది చూశాక నాకు మరింత భయం పట్టుకుంది. అన్నేళ్లు నర్సుగా చేసిన మనిషే వణుకుతోందంటే!

డాక్టరమ్మ సీసా మీది కాగితం చదివింది, పాప కళ్లలోకి లైటు వేసి చూసింది. సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలంది. పాప ఆవలించినా, దగ్గినా నేను పరుగెత్తుకెళ్లి ఎవరినో ఒకరిని పిలుచుకొచ్చాను. చీకటి పడబోతుండగా పాప "ఆకలైతుంది" అంది. అప్పటిదాకా నిలబడే ఉన్న సిస్టరమ్మ బెంచీ మీద కూలబడి "ప్రభువా" అంది.

"మీక్కూడా భయమైందా?" అని అడిగాను.

"అవ్ బిడ్డా, ఎందుకు గాదు? భయపడుకుంటనే చేసేది చెయ్యాలె."

మర్నాడు ఆమె చర్చి నుంచి సరాసరి మేడ మీదికి వచ్చింది. నేను తీగలు పీకేయబోతుంటే ఆపింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగించి, ఒక ఆకు తిప్పి వెనక వైపు చూపించింది. "పురుగున్నదా?" లేదు. "ఇగ మట్టిల వేలు పెట్టు." వేలంతా దిగినా బురదే. బకెట్ ఎత్తి చూస్తే అడుగున రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి.

"నీళ్లు నిలిచి వేర్లకు ఊపిరాడలే. గందుకే పండుబారినయ్. ఏమైందో చూడకముందే మందు పోస్తివి."

మేకుతో రంధ్రాలు తెరిచాం. పండిన ఆకులు తుంచేశాం. పిందెలన్నీ తెంపి పారేయించింది. పైమట్టి ఆరేదాకా నీళ్లు పోయొద్దంది, ఆరాక గుప్పెడు మాగిన పశువుల ఎరువు వేయమంది. కొన్నాళ్లకు లేత ఆకులు ఆకుపచ్చగా వచ్చాయి. అయినా ఆ తీగల కాయలు ఒక్కటీ తినలేదు. నాకు ధైర్యం చాల్లేదు. తినమని ఆమె కూడా అనలేదు.

తర్వాత పాపకు ఒళ్లు వెచ్చబడినా, మా ఆయన డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైనా ఆమె గుమ్మంలోకే పరుగెత్తేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పోవడానికి పది రోజుల ముందు ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఖమ్మం తీసుకెళ్లడానికి కొడుకు కారు తెచ్చాడు. కారు కిటికీ దగ్గర నిలబడ్డాను.

"భయమైతుంది బిడ్డా" అంది. "ఈసారి చేసెటందుకు నా చేతిల ఏం లేదు."

ఆమె వేళ్లు పట్టుకున్నాను. కారు మెల్లగా కదిలినా వదల్లేక పక్కనే నాలుగడుగులు నడిచాను. వేగం పెరగ్గానే వేళ్లు జారిపోయాయి. ఆమె చెయ్యి లోపలికి తీసుకోలేదు. కారు మలుపు తిరిగేదాకా ఆ అరచెయ్యి కిటికీ బయటే, తెరిచే ఉంది.