మేస్త్రీ వేళ్ళకు పట్టని కెటిల్

గిన్నెల కర్మాగారంలో పిడులు చేసే ఆయన్ని వీధంతా పిడి మేస్త్రీ అనే పిలిచేది. చదివింది ఊరి బడిలో ఐదో తరగతే. అయితేనేం! కుక్కరు మూత పిడి ఆయనది, పెనం పిడి ఆయనది, బకెట్ తీగకు తొడిగే గొట్టం సైతం ఆయనదే. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే వంటింట్లోకి తొంగిచూసి, "అదిగో, అది నాదే" అనేవాడు.

"మీ డప్పు మీరే కొట్టుకుంటే చేతులు నొప్పెట్టవూ?" అనేది భార్య.

"ఆ డప్పు కర్రకు పిడి బిగించింది కూడా నేనేనే!"

పని పద్ధతి ఒకటే. ఇనుప చువ్వకు తడి మట్టి పట్టించి, పిడికిట్లో గట్టిగా బిగించేవాడు. వేళ్ళు ఎక్కడ దిగబడితే అదే పిడి ఆకారం. ఆరాక దాన్నిబట్టి అచ్చు పోసేవారు. ఆయన అరచెయ్యేమో చేటంత. కాబట్టి చుట్టుపక్కల వంటిళ్ళలో వస్తువులన్నీ ఆ చేటకే సరిపోయేవి. తక్కినవాళ్ళు మసిగుడ్డ చుట్టి, రెండు చేతులా ఎత్తుకునేవారు. సొంత ఇంట్లోనూ అదే వరస.

"నా పిడికి గుడ్డ చుడతావా? పరువు తీస్తున్నావే!"

"గుడ్డ తీస్తే మీ పరువు నా కాలి మీద పడుతుంది. మీ ఇష్టం."

అసలు చిక్కు కెటిల్ దగ్గర వచ్చింది. ఆయన పిడి పెట్టిన కెటిళ్ళు దుకాణాల నుంచి తిరుగుటపాలో వచ్చేశాయి. నీళ్ళు నిండగానే పిడి చేతిలో గిర్రున తిరుగుతోందట. యజమాని పిలిచి, "మేస్త్రీగారూ, ఇంకొక్కసారి చూస్తాను. ఇదీ వెనక్కొస్తే పిడుల పని బయటివాళ్ళకిచ్చేస్తా. మీరు గేటు దగ్గర హాయిగా కూర్చుందురుగాని" అన్నాడు.

గేటు దగ్గరా! తనా! మేస్త్రీ మట్టిని ఇంటికే తెచ్చుకుని, పళ్ళు బిగబట్టి పిసికి, కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాడు. ఆరిన నమూనాను పరీక్షగా చూడకుండానే గుడ్డలో చుట్టేసి, అచ్చు పోసేవాళ్ళ చేతిలో పెట్టాడు. తన చెయ్యి తనకు తెలియదా?

ఈసారి కెటిళ్ళు వెనక్కి రాలేదు. ఇంకా పంపమని కబుర్లొచ్చాయి. యజమానే కెటిల్ పట్టుకుని మేస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మ ఒంటిచేత్తో వంచుతోందండీ, చుక్క ఒలకట్లేదు! ఏమిటి దీని మర్మం?"

"అనుభవమండీ, అనుభవం" అంటూ మేస్త్రీ ఛాతీ విరుచుకుని కెటిల్ అందుకున్నాడు. వేళ్ళు పట్టలేదు. మూడు వేళ్ళు ఇరుక్కుని, నాలుగోది బయటే వేలాడింది. చిటికెన వేలి పల్లం వంకరగా పక్కకు తిరిగి ఉంది. ఆ వంకర ఆయనకు బాగా తెలుసు. ఇంట్లో ఆయన స్వహస్తాలతో బిగించిన అలమారా పిడిలో ఇరుక్కుని వంకరపోయిన భార్య వేలది.

వేళ్ళు ఊడదీసుకుని కెటిల్‌ను బల్ల మీద పెట్టేశాడు.

"సరే, పెనం పిడి కూడా ఈ చేత్తోనే కానివ్వండి" అని యజమాని భుజం తట్టి వెళ్ళాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య కొత్త కెటిల్‌తో నీళ్ళు వంచుతోంది. మసిగుడ్డ మేకుకు వేలాడుతోంది.

"ఎప్పుడు చేశావే?"

"మీరు స్నానం చేస్తూ పాట ఎత్తుకున్నారుగా, అప్పుడు. మట్టి ఇంకా మెత్తగానే ఉంది. నిండు కెటిల్ ఎత్తుతున్నాననుకుని ఒక్క పిసుకు పిసికా. చరణం అందుకునేలోపు అయిపోయింది."

"నాతో ఒక్క మాటైనా..."

"చెబితే మళ్ళీ మీ చెయ్యి పెట్టేవారు కారూ?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. సంచిలోంచి మట్టి పట్టించిన చువ్వ తీసి, ఎటో చూస్తూ ఆమె ముందుకు జరిపాడు. "పెనానికట. ఊరికే, ఓసారి పట్టుకో."

ఆమె చువ్వనూ చూసింది, మొగుణ్ణీ చూసింది. కొంగుకు చేతులు తుడుచుకుని, ఆ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"ముందు ఆ అలమారా పిడి ఊడదీసి రండి."

"అది నా మొట్టమొదటి పిడే!"

"అందుకే."

మేస్త్రీ ఒక్క క్షణం గేటును తలుచుకున్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కున్నాడు.