నంబర్ లేని గదిలో జగదీష్ అన్న

మా జగదీష్ అన్నకి ఒకటే పిచ్చి. గొంతు బాగాలేని కుర్రాడు ఎక్కడ కనబడినా లాక్కెళ్ళి జపాన్ పాట నేర్పిస్తాడు. గొంతు బాగున్నవాళ్ళ జోలికి పోడు. వాళ్ళకి తెలుగు పాటలున్నాయిగా అంటాడు.

అమెరికాలోని నోవై ఊళ్ళో కార్ల పార్ట్స్ చేసే ఒక జపాన్ కంపెనీలో ఇద్దరం ఇంజనీర్లం. ఆయన నాకు బాగా సీనియర్. ఇక నా గొంతు సంగతి. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఒక్కసారి పాడాను. పల్లవి దాటకముందే జనరేటర్ పోయిందని మైక్ ఆపేశారు. పక్కనే సమోసాలు వేడి చేసే హీటర్ మాత్రం నిక్షేపంలా పనిచేస్తోంది. ఆ రోజునుంచి మీటింగుల్లో కూడా నా నోరు సరిగ్గా పెగల్లేదు.

మా కంపెనీలో డిసెంబర్ పార్టీకి అందరూ పాడాల్సిందే. ఈసారి కొత్త మేనేజర్ మోరిటా గారు నన్ను ఆపి, నీ గొంతు ఎలా ఉంటుందో అక్కడైనా వింటాను అని నవ్వుతూ అన్నారు. నాకు తిండి సహించడం మానేసింది. మళ్ళీ మైక్ ఆపేస్తే ఇక జన్మలో నోరు తెరవలేనని నాకు తెలుసు.

జగదీష్ అన్న నన్ను క్యాంటీన్‌లో కూర్చోబెట్టాడు.

"కథ చెబుతా, ఊఁ కొట్టు అవినాష్. అనగనగా ఒక గేర్‌బాక్స్."

"ఊఁ."

"దానికి ఇద్దరు పెళ్ళాలు."

"ఊఁ."

కళ్ళు మూసుకుని నా ఊఁలు విని, నా గొంతు మూడు స్వరాల మెట్లే ఎక్కగలదని తేల్చాడు. మూడు మెట్ల పాటలు ఆయన దగ్గర బోలెడు. పాట నెమ్మదిగా ఉండాలి, కిందిస్థాయిలో ఉండాలి, మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి చాలాసేపు ఉత్త మ్యూజిక్ రావాలి. తెలుగు పాట తప్పు పాడితే హాల్లో ప్రతివాడూ పండితుడే. జపాన్ పాటైతే మనవాళ్ళకి తెలీదు, జపాన్ వాళ్ళు మర్యాదకి చెప్పరు. పైగా వాళ్ళ మాటలూ మన మాటల్లాగే అచ్చుతో ఆగుతాయి కాబట్టి నాలుక తిరుగుతుంది. ఇదీ ఆయన శాస్త్రం.

ప్రాక్టీస్‌కి ఒక కరోకే పార్లర్‌కి తీసుకెళ్ళాడు. చీకటి వరండాలో ఒకటి, రెండు, మూడు అని గదులున్నాయి. తర్వాత నంబరే లేని తలుపు. ఆ తర్వాత ఐదు. జపాన్ వాళ్ళకి నాలుగు అచ్చిరాదట, అందుకని ఆ గది ఎవరూ అడగరు. అన్న ఎప్పుడూ అదే బుక్ చేస్తాడు.

గదిలో హీటర్ తిరుగుతూనే ఉంది, అయినా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మంచు పడే స్టేషన్‌లో రాని రైలు కోసం ఒకాయన నిలబడి ఉండే పాట పెట్టాడు. మాటలు తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో వస్తున్నాయి.

"నువ్వు మొదలుపెట్టు, నేను నీళ్ళు తెస్తా" అని బయటికి పోయాడు. టేబుల్ మీద జగ్గు నిండా నీళ్ళున్నాయి.

మొదటి లైన్ ఎత్తుకున్నాను. గొంతు అలవాటుగా జారింది. అప్పుడు స్పీకర్లోంచి, నా గొంతు అడుగున, ఇంకో మగగొంతు వినబడింది. మాటల్లేవు. ఉత్త "ఊఁ".

ఆపేశాను. క్షణం ఆలస్యంగా అదీ ఆగింది. గదిలో సోఫా, నా కోటు, నేను. రెండో మైక్ పెట్టే చోటు ఖాళీగా ఉంది. భయంతో మళ్ళీ పాడటం మొదలుపెడితే అదీ మళ్ళీ అందుకుంది. విచిత్రమేమిటంటే, గోడ పట్టుకుని నడిచే పసివాడిలా నా పాట దాన్ని పట్టుకుని చివరిదాకా పోయింది.

అన్న ఉత్త చేతుల్తో వచ్చాడు. నేను చెప్పింది విని తీరిగ్గా కూర్చున్నాడు.

"పెద్దాయన వచ్చాడన్నమాట. బతికున్నప్పుడు ఆ జపాన్ ముసలాయన ఈ గదిలో ఈ పాటే పాడుకునేవాడట. మంచివాడేలే, పాట మధ్యలో ఆపితేనే కోపం."

ఇంక మధ్యలో ఆపే ధైర్యం ఎవడికుంటుంది? నాకంటే ముందు అన్న దగ్గర నేర్చుకున్న శశికాంత్ ఇప్పటికీ ఆంజనేయస్వామి లాకెట్ లేకుండా మైక్ ముట్టుకోడు. కౌంటర్ దగ్గర ఆవిణ్ణి అడిగాను, ఆ గదిలో ఎవరైనా ఉన్నారా అని. ఆవిడ నన్ను చూసింది, నా భుజం వెనక ఎవరినో చూసినట్టు చూసింది, ఆ గదికి డిస్కౌంట్ ఉందని చెప్పింది.

పార్టీ రోజు సాయంత్రం ఐదింటికే చీకటి పడింది, బయట మంచు. మా డిపార్ట్‌మెంట్ అంతా ఆ నంబర్ లేని గదిలోనే ఇరుక్కున్నాం. బుక్ చేసింది అన్నే మరి. నా వంతు రాగానే నీళ్ళకని లేచాడు. నేను పాట ఎత్తుకున్నాను, "ఊఁ" వచ్చింది. ఈసారి భయంలోనే ఒక అనుమానం తగిలింది. చివర్లో ముక్కుతో కాస్త సాగదీసే ఆ ఊఁ మన ఇళ్ళల్లో కథ వింటూ కొట్టే ఊఁ. జపాన్ దెయ్యానికి అదెవరు నేర్పారు?

మధ్యలో మ్యూజిక్ రాగానే తలుపు తీసి చూశాను. వరండాలో తగిలించిన కోట్ల మధ్య, గోడకి మొహం పెట్టి, మఫ్లర్ కింద మైక్‌తో జగదీష్ అన్న. కళ్ళు తెరిచి, చరణం వస్తోంది లోపలికి పో అని చెయ్యి ఊపాడు. పోయాను. పూర్తిగా పాడాను. ఎవరూ మైక్ ఆపలేదు. మోరిటా గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొకటే తక్కువ.

వరండాలోకి పరిగెత్తి, మరి పెద్దాయన సంగతేమిటన్నా అని అడిగాను.

"నేనే పుట్టించా. భయముంటే ఎవడూ పాట వదిలెయ్యడు."

"మరి నువ్వెప్పుడూ లోపల పాడవేం?"

"నలుగురి ముందు నాకు గొంతు రాదురా. గోడకైతే వస్తుంది."

ఇన్నేళ్ళూ తన వంతుకి నీళ్ళకి పోయేవాడు. అంతలో లోపల్నుంచి మోరిటా గారు, ఇక తప్పించుకోడానికి లేదు జగదీష్ అని కేకేశారు. అన్న మొహంలో నెత్తురు లేదు. మఫ్లర్ కింద మైక్ నేను లాక్కున్నాను.

"నువ్వు మొదలుపెట్టు అన్నా. నేను నీళ్ళు తెస్తా."

కోట్ల మధ్య గోడకి మొహం పెట్టి నిలబడ్డాను. లోపల అదే పాట మొదలైంది. మొదటి లైన్‌లో ఆయన గొంతు నాకంటే ఘోరంగా వణికింది. నేను మైక్‌లో "ఊఁ" అందుకున్నాను. స్పీకర్లోంచి "ఊఁ" నిండుగా వినబడింది. ఆయన గొంతు దాన్ని పట్టుకుని నిలబడింది. నా గొంతు ఇంత గంభీరంగా ఉంటుందా అని మురిసిపోయాను కూడా.

మ్యూజిక్ వచ్చినప్పుడు మైక్ వైపు చూశాను. లైట్ వెలగడం లేదు. అన్న ఎప్పుడో ఆపేసినట్టున్నాడు, నేను స్విచ్చే నొక్కలేదు.

చరణం మొదలైంది. లోపల "ఊఁ" సమయానికి అందుకుంది. నా మెడ వెనక చల్లగా ఏదో తగిలినట్టయింది. స్విచ్ మీదికి వేలు పోలేదు. పెద్దాయన ఊఁ కొడుతుంటే మనం ఊరుకోవడం మర్యాద కాదనిపించి, నేనూ గోడకి ఊఁ కొట్టాను.

చప్పట్లు మోగాయి. అన్న బయటికొచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆయన మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూళ్ళేదు.

"భలే పట్టావురా. నాకంటే నువ్వే నయం."

ఆరిపోయి ఉన్న మైక్‌ని వెనక దాచుకున్నాను.

"ఊఁ" అన్నాను.