సొకోరో గారిని సొకోరో తీసుకెళ్లిన రోజు

2010 మే నెలలో ఒక శనివారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, న్యూమెక్సికోలోని సొకోరో అనే ఊళ్లో, సొకోరో అనే డెబ్బై ఆరేళ్ల ఆవిడ తన పేరు ఇంకా పుట్టని మునిమనవరాలికి పెట్టడానికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. అదేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను.

ఆవిడ మా పక్కింటి కిరణ్ భార్య మరిసోల్‌కి అమ్మమ్మ. కిరణ్ తెనాలి కుర్రాడు, ఇక్కడ అరిజోనాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. మరిసోల్ వాళ్లది తరాలుగా అరిజోనాలో ఉన్న మెక్సికన్ కుటుంబం. ఈ ఇళ్లల్లో అమ్మమ్మని నానా అంటారు కాబట్టి కిరణ్‌కీ, వాళ్లతో పాటు నాకూ ఆవిడ నానాయే. పుట్టబోయేది ఆడపిల్ల అని స్కాన్‌లో తెలిసిన రోజే కిరణ్ ఆవిడ పేరు పెడదామన్నాడు. పెద్దావిడ మురిసిపోతుందనుకున్నాడు. ఆవిడ వద్దంది. కారణం చెప్పలేదు. మనవరాలు బతిమాలినా అదే మాట.

స్పానిష్ కుటుంబాల్లో ఈ పేరు కొత్తేమీ కాదు. నటీమణులకీ, రచయిత్రులకీ ఉంది. కొలంబియాలో, బ్రెజిల్‌లో ఊళ్లకి ఉంది. పసిఫిక్‌లో ఒక దీవికి ఉంది, ఆ దీవి పేరు మీద ఒక పావురం జాతి ఉంది. అడవిలో కనుమరుగై ఇప్పుడు పంజరాల్లో మాత్రమే బతుకుతోంది. ఇవన్నీ కిరణ్ ఇంటర్నెట్‌లో చూసి చెప్తే ఆవిడ తల ఊపి ఊరుకుంది. కారులో వెళ్లగలిగే దూరంలో సొకోరో ఊరు ఉందన్నప్పుడు మాత్రం, "అది నేను చూడలేదు" అంది. అయితే చూపిస్తానన్నాడు కిరణ్. మరిసోల్‌కి ఎనిమిదో నెల, దూరప్రయాణం వద్దని డాక్టర్ చెప్పింది. మోటెల్ గదిలో నానాకి తోడుగా తన బదులు నన్ను వెళ్లమంది మరిసోల్.

తెల్లవారి ఐదున్నరకి బయలుదేరాం. సొకోరో చేరడానికి ఫ్రీవేలు పట్టుకుని వెళ్లే దారి ఉంది కానీ, అరవయ్యో నంబరు రోడ్డు ఎక్కి చివరిదాకా దాన్ని వదలకపోతే చాలు. మూడు వందల యాభై మైళ్ల పైచిలుకు. మొదటి గంటలో రాగి గనుల ఊళ్లు వస్తాయి. వాటిలో ఒకదాని దగ్గర నానా కిటికీ అద్దం దించింది. చిన్నప్పుడు ఆ ఊళ్లోనే చదువుకుందట. ఒకటో తరగతి టీచరు హాజరు పిలుస్తూ, ఈ పేరు నా నోట పలకదు, ఈ రోజు నుంచి నువ్వు శాలీ అందట. ఆ తర్వాత హోటల్ లాండ్రీలో పనిచేసినన్నాళ్లూ చొక్కా మీద బిళ్లలో కూడా శాలీయే. సొకోరో అని పిలిచినవాళ్లు ఇంట్లోవాళ్లూ, చర్చిలో ఫాదరూ. మరిసోల్‌కి కూడా ఈ సంగతి తెలియదనుకుంటాను. వద్దన్న మాట వెనక ఏముందో అప్పుడు అర్థమైంది. కిరణ్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, రేడియో మాత్రం కట్టేశాడు.

సాల్ట్ రివర్ లోయలో రోడ్డు మెలికలు తిరుగుతూ నది దాకా దిగి, వంతెన దాటి మళ్లీ పైకెక్కుతుంది. ఎడారి ముళ్లచెట్లతో మొదలైన పొద్దు దేవదారు చెట్ల నీడలోకి వచ్చేసింది. స్ప్రింగర్‌విల్‌లో ట్యాంకు నింపుకున్నాం. రానూపోనూ పెట్రోలుకి ఎనభై డాలర్ల లోపే అయింది. రాష్ట్రం సరిహద్దు దాటాక గంటసేపు ఎదురుగా వచ్చిన కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పై టౌన్ అనే చిన్న ఊళ్లో, పేరుకి తగ్గట్టే, ఆపిల్ పై తిన్నాం, అంటే ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన గుండ్రటి తీపి రొట్టె. అందులో పచ్చిమిరపకాయ వేస్తారు. కిరణ్ రెండో ముక్క కూడా తెప్పించుకున్నాడు.

అక్కడి నుంచి కొండలు పక్కకి తప్పుకుని, గడ్డి తప్ప ఏమీ లేని పెద్ద మైదానం వస్తుంది. దాని మధ్య రేడియో టెలిస్కోపులు, ఒక్కొక్కటి మేడంత తెల్లటి గిన్నె. దిగి దగ్గరికి నడిచాం, అప్పట్లో టికెట్ లేదు. మేం చూస్తూండగా అన్నీ కలిసి ఒకే వైపుకి నెమ్మదిగా తిరిగాయి. గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. మబ్బు నీడలు గడ్డి మీద నడుస్తూ ఒక్కో గిన్నెనీ దాటిపోతున్నాయి. ఎంతసేపు నిలబడ్డామో నేను చూసుకోలేదు, గడియారం మర్చిపోవడం నాకు అలవాటు లేదు. అవేం చేస్తాయని నానా అడిగింది. చాలా దూరంలో ఉన్న నక్షత్రాల నుంచి వచ్చేది వింటాయన్నాడు కిరణ్.

"విని జవాబు చెప్తాయా?"

"లేదు నానా, వినడమే."

"మా ఆయన కూడా ఇంతే," అంది.

సొకోరోకి అరగంట ముందు మాగ్దలీనా అనే ఊరు తగులుతుంది. నానాకి ఒక చెల్లెలు ఉండేదట, ఇప్పుడు లేదు, ఆవిడ పేరు అదే. బోర్డు చూసి, "చూశావా, ఇక్కడా తనే ముందు," అని విసుక్కుంది. తర్వాత కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. దిగుడు రోడ్డు మీద కారు మెత్తగా జారుతోంది. ఆవిడ కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆకుపచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాల్లో తన పేరు ఉంది. మరి కాస్త ముందుకెళ్తే బడి గోడ మీద ఉంది, పోస్టాఫీసు మీద ఉంది, ఒక ట్రక్కు తలుపు మీద ఉంది. ఎవరి కలలోకో వచ్చినదానిలా ఆవిడ ఒక్కోటీ పెదవులు కదుపుతూ చదువుకుంది. ఊరి మధ్య ఉన్న తోట దగ్గర దిగాం. ఆకలితో వచ్చిన స్పానిష్ బృందానికి ఇక్కడి పీరో జాతివాళ్లు మొక్కజొన్నలు ఇచ్చి ఆదుకున్నారనీ, అందుకే ఊరికి ఆదుకోవడం అనే అర్థంలో ఈ పేరు వచ్చిందనీ అక్కడివాళ్లు చెప్తారు.

తోటకి దగ్గర్లోనే ఒక చిన్న ఫలహారశాల. కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్తే, తయారయ్యాక పేరు పెట్టి పిలుస్తారు. ఇలాంటి చోట్ల కిరణ్ ఎప్పుడూ కెన్ అని చెప్తాడు, స్పెల్లింగ్ గొడవ ఉండదని. ఈసారి అతను నోరు తెరిచేలోపు నానా ముందుకొచ్చి, "సొకోరో" అంది.

కౌంటర్ పిల్లకి ఇరవై ఏళ్లుంటాయి. తల ఎత్తకుండా టైప్ చేసి, "మిరపకాయ ఎర్రదా, పచ్చదా?" అని అడిగింది. న్యూమెక్సికోలో అందరినీ అడిగే ప్రశ్నే.

కాసేపటికి పిలుపు వచ్చింది. కిరణ్ లేవబోయాడు. నానా అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇంకోసారి పిలవనీ."

ఆ పిల్ల ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా పిలిచింది. అప్పుడు నానా లేచి, తొందర లేకుండా నడిచి వెళ్లి ట్రే తెచ్చుకుంది.

సగం తిన్నాక, పేరు ఎలా పెడదామనుకున్నావని కిరణ్‌ని అడిగింది. జన్మనక్షత్రాన్ని బట్టి వచ్చే అక్షరంతో మొదటి పేరు పెడతామని వాళ్లమ్మకి మాట ఇచ్చాడు కాబట్టి, సొకోరో మధ్యలో వస్తుందన్నాడు. ఇక్కడ కిరణ్ పూర్తి పేరు చెప్పాలి: వెంకట సత్య కిరణ్. మన దగ్గర పిలిచే పేరు చివర్లో రాస్తాం. పాస్‌పోర్టులో అలాగే పడింది, ఆఫీసు వాళ్లు మొదటి మాట పట్టుకున్నారు. అతని టీమ్‌లో ముగ్గురు వెంకటలు ఉన్నారు. నానాకి ఆ సంగతి తెలుసు.

"వెనక పెడితే ఏమవుతుందో నిన్ను చూస్తున్నాను కదా వెంకటా," అంది. "పెడితే ముందు పెట్టు. లేకపోతే వద్దు."

మోటెల్ అరవై డాలర్ల లోపే, గది శుభ్రంగా ఉంది. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర కిరణ్ తెనాలిలో వాళ్లమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అతను చాలా సంజాయిషీ తయారుచేసుకున్నాడు, అవసరం పడలేదు.

"పెద్దావిడ పేరు వెనక పెడతావట్రా? ముందే పెట్టు. ఒక్క చిక్కుంది. పెద్దవాళ్ల పేరు పెట్టాక ఆ పేరుతో పిల్లని తిట్టకూడదు. తిట్టడానికి నక్షత్రం పేరు నేను చూస్తాలే."

కిరణ్ ఇంగ్లీషులో చెప్పాడు. నానా నవ్వుతూ, ఆ రెండో పేరు శాలీ మాత్రం కాకుండా చూడమంది.

నేను విలేకరిని, ఇరవై ఏళ్లుగా మనుషుల పేర్లు తప్పు పడకుండా చూడడం నా పనిలో భాగం. అక్షరాలు సరిపోతే పేరు సరిపోయినట్టే అనుకునేదాన్ని. ఆ ఫలహారశాలలో ఒక పేరు రెండోసారి వినబడేదాకా పట్టిన ఆ కొద్దిపాటి నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా: వేసవిలో న్యూమెక్సికో గడియారం అరిజోనా కంటే గంట ముందు నడుస్తుంది. ఆరు దాటి బయలుదేరితే పై టౌన్‌లో పై అయిపోతుంది.

మరిసోల్‌ని జూన్ 14, సోమవారం పొద్దున ఏడింటికి కాన్పుకి ఆసుపత్రికి రమ్మన్నారు. బారసాల దాకా ఆగే వీలు ఇక్కడ లేదు, ఇంటికి పంపేలోపే పాప పేరు అడుగుతారు. అడిగినప్పుడు తనే చెప్తానంది నానా, మొదటిసారి వినబడకపోతే రెండోసారి కూడా.