అత్త చేతిలో చీపురు పుల్ల

మా మేనత్త పోయింది. ఓర్వకల్లు దగ్గరి మా పల్లెలో, తన ఇంటి వసారాలో కుర్చీలో కూర్చుని టీ తాగుతూనే పోయింది. కడపలో ఉన్న నాకు ఆమె పక్కింటి వదిన ఫోన్ చేసి చెప్పింది. "గుండెపోటంటప్పా. నొప్పి కూడా తెలీలేదంట. అదృష్టవంతురాలు."

బస్సులో కూర్చున్నంతసేపూ ఆ చివరి మాటే నన్ను గుచ్చింది. నొప్పి తెలియకపోవడాన్ని అదృష్టమంటే అత్తకు అరికాలి మంట నెత్తికెక్కేది. గుండె నొప్పి కబురు మోసేదీ నరాలేననీ, చక్కెర జబ్బు ముదిరితే అవీ మొద్దుబారవచ్చనీ ఆమే నాకు చెప్పింది. పోవడానికి రెండు రోజుల ముందు ఒళ్లంతా చెమటలు పోశాయంట. ఎండలే అనుకుందంట.

అత్త మా ఊరి బడిలో సైన్సు టీచరు. నాకూ చెప్పింది. ఒకరోజు వేడివేడి టీ ఉన్న స్టీలు గ్లాసు నా చేతికిచ్చింది. నేను చటుక్కున బల్ల మీద పెట్టేసి వేళ్లు ఊదుకుంటుంటే, "ముందు చెయ్యి లేచిందా, మంట తెలిసిందా?" అని అడిగింది. మంటే అన్నాను. మళ్లీ పట్టుకోమంది. మూడోసారికి నాకే అనుమానం వచ్చింది, చెయ్యే ముందు లేస్తోంది. "మెదడుకు కబురు పోయేలోగా వెన్నుపామే తీర్పు చెప్పేసింటాది. మెదడుకు తెలిసేది అంతా అయినంక" అంది. ఆ తర్వాత నా వేళ్లకు కొబ్బరినూనె కూడా ఆమే రాసింది.

మా చర్చి ముంగిట నల్లబండలు పరిచి ఉంటాయి. చెప్పులు గేటు దగ్గరే విడవాలి. ఎండాకాలం ఆదివారం ఆరాధన ముగిసేసరికి బండలు పెనం లాగా కాలుతుంటాయి. పెద్దా చిన్నా అందరం ఎగురుకుంటూ గేటు దాకా పరుగు. అత్త ఒక్కతే బైబిలు ఎదకు ఆనించుకుని నింపాదిగా నడిచి వచ్చేది. "ఆమె విశ్వాసం చూడండి" అనేవాళ్లు ముసలమ్మలు. నేనూ మా ఆవిడతో గర్వంగా చెప్పుకున్నాను.

ఒక ఆదివారం ఆమె వెనకాలే నడుస్తుంటే బండ మీద తడి మరక కనబడింది. ఇంకో అడుగు, ఇంకో మరక. గేటు దగ్గర కూర్చోబెట్టి పాదం తిప్పి చూస్తే బొబ్బ పగిలి లోపల పుండు. నేను చటుక్కున మొహం తిప్పుకున్నాను. ఆమె మాత్రం కళ్లద్దాలు సర్దుకుని ఆ పుండునే చూసింది. "సూడప్పా, ఇంత పుండు ఉండాది. ఒక్క కబురు కూడా పైకి రాలా."

కర్నూలు ఆసుపత్రిలో, చక్కెర జబ్బుకు కాళ్ల నరాలు మొద్దుబారాయని చెప్పి, చిటికెన వేలు తీసేశారు. మంచం పక్కన నేను తల దించుకుని, "మేమంతా పొగుడుతా ఉంటిమి అత్తా" అన్నాను.

"మీరు పొగిడితే ఏమప్పా, నేను నమ్మితినే. పిల్లోళ్లకు అన్నేండ్లు ఈ పాఠమే చెప్పి, నా కాలికి వచ్చేసరికి దేవుని కృప అనుకొంటి." చెప్పి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అత్త ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంటికి వచ్చాక ఆమె తన కాలినే పాఠంగా పెట్టుకుంది. నేను వెళ్లినప్పుడల్లా కళ్లు మూసుకుని కాళ్లు చాపేది. చీపురు పుల్లతో నేను తాకాలి. "ఈడ తగిలిందా?" "లేదు." "ఈడ?" "ఆఁ, ఈడ." అక్కడ బాల్‌పెన్నుతో గీత గీసేవాణ్ణి. గీత పాదం నుంచి మడమకు, మడమ నుంచి చీలమండకు ఎక్కింది. "ఇంతవరకే నా ఊరు. అవతల ఎవుర్దో" అని నవ్వేది. రోజూ సాయంత్రం అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకునేది. నొప్పి చెయ్యాల్సిన పని ఇప్పుడు కళ్లతో చెయ్యాలి కదా అనేది.

రెండేళ్ల కిందట నాకూ చక్కెర ఉందని తేలింది. ఆ మాట వినగానే పుల్ల ఆమె చేతిలోకి మారింది. "కాళ్లు సాపు."

"బస్సు టైమయింది అత్తా, తర్వాత చూద్దాం."

ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే భయం. "లేదు" అని నా నోటితో నేనే చెప్పాల్సి వస్తుందేమోనని. పోయినసారి గుమ్మం దాకా వచ్చి, "తెలుసుకోకుంటే పోతాదనుకుంటాండావా?" అంది. నవ్వేసి వచ్చేశాను.

నిన్న పన్నెండు గంటలకు చర్చిలో అత్తకు చివరి ప్రార్థన ముగిసింది. పెట్టెను వ్యానులోకి ఎక్కించారు. జనం ఎప్పటిలాగే బండల మీద ఎగురుకుంటూ గేటుకు పరుగెత్తారు. నేను గడప మీద నిలబడి కళ్లు మూసుకున్నాను. ఈడ తగిలిందా అప్పా, అని చెవిలో అన్నట్టే ఉంది. రెండు కాళ్లూ బండ మీద పెట్టాను.

ముందు కాళ్లు లేచాయి. ఆ తర్వాతే మంట తెలిసింది. అందరి వెనకాల నేనూ ఎగురుకుంటూ, ఏడ్చుకుంటూ, గేటు దాకా పరుగెత్తాను.