రాజవ్వ గీసిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కామారెడ్డి దవాఖానలో ఆయాగా చేసినదాన్ని, పీనుగులకు స్నానాలు చేయించిన చేతులు ఇవి. నిజంగా దయ్యాలే ఉంటే నన్నెప్పుడో పట్టుకునేవి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తరువాతిది విని ముసల్దానికి మతి పోయిందంటారు.

పెద్ద యుద్ధం మొదలైన కొత్తలో సంగతి. ఎల్లారెడ్డి నుంచి రాజవ్వ అనే చిన్న వయసు ఆమెను వాళ్ళన్న ఎడ్లబండిలో తీసుకొచ్చాడు. మొగుడు గత్తర తగిలి, వాంతులు విరేచనాలతో పోయిన రోజు నుంచి ఆమె నోరు తెరవలేదు. అన్న మంచివాడే, ఇంట్లో భార్య పోరు పడలేకపోయాడు. "వచ్చే వారం అంగడి దాక సూస్త. అప్పటికీ మాట్లాడకుంటే దర్గ కాడ ఇడిసిపోత, ఏం జేయాలె" అని నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

మా డాక్టరమ్మ ఓడెక్కి ఇంగ్లీషు సీమకు పోయి చదివొచ్చింది. మాట్లాడని రోగులకు కాగితం, పెన్సిలు ఇచ్చి ఒక మనిషి బొమ్మ గీయమనేది. ఎవరి బొమ్మ గీసినా అందులో తమ మనసే గీస్తారట, దాన్ని బట్టి లోపలి బాధ తెలుస్తుందట. సూదిమందుకే దిక్కులేని చోట బొమ్మల వైద్యమా అని నాకు నవ్వొచ్చేది.

రాజవ్వ నాలుగైదు రోజులు కాగితం ముట్టలేదు. ఒక మధ్యాహ్నం పెన్సిలు పిడికిట్లో పట్టుకుని గీసింది. మూసిన తలుపు. తల వంచుకుని కూర్చున్న ఆడమనిషి, ముందు కంచం. ఎదురుగా ఇంకో కంచం, దాని అంచు కింద చిన్న రాయి. ఆ కంచంలో ఒక మగమనిషి అన్నం తింటున్నాడు.

మొగుడి మీద బెంగ అని డాక్టరమ్మ తేల్చేసింది. రాయి ఎందుకో మాత్రం ఆమెకు అర్థం కాలేదు.

నాకు అర్థమైంది. మా ఆయనకు చారు కంచంలో ఒక పక్కకు చేరాలి. అందుకని అంచు కింద రాయి పెట్టుకునేవాడు. ఆయనా గత్తరకే పోయాడు. పోయాక కూడా నేను తలుపు గడియ వేసుకుని, రోజూ ఆయనకు వడ్డించి, రాయి పెట్టి, ఆ తరువాతే తినేదాన్ని. ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగేది కాదు, ఏం చేయను. ఈ సంగతి పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. రాజవ్వ ఎన్నడూ మా గడప తొక్కలేదు.

వారం సంత జరిగే అంగడి రోజు వచ్చింది. వాళ్ళన్న దర్గాకు బండి కట్టాడు. నేను ఆగలేక ఆ బొమ్మ పట్టుకుని ఆమె దగ్గరికి పోయి మెల్లగా అడిగాను. "ఇది నీకెట్ల తెలుసు చెల్లే? నేను ఒక్కదాన్నే గద తినేది."

రాజవ్వ నన్ను జాలిగా చూసింది. "ఒక్కదానివెందుకుంటవ్ అక్కా? ఆయన దినాం తింటున్నడు. నువ్వే తలకాయెత్తి సూస్తలేవు."

బండి దగ్గరున్న అన్నకు ఆ మాటలేమిటో పట్టలేదు. చెల్లె మాట్లాడింది, అంతే. ఏడుస్తూనే ఆమెను బండి ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ తన వైద్యం పని చేసిందని సంబరపడింది.

రాజవ్వకు ఎట్లా తెలిసిందో ఇన్నేళ్ళయినా నాకు అంతు చిక్కలేదు. ఆ పూటా వడ్డించాను, ఇప్పటికీ వడ్డిస్తూనే ఉన్నాను. తల మాత్రం ఎత్తలేదు. ఎదురుగా ఎవరైనా ఉంటారని కాదు నా భయం. ఎవరూ లేకపోతే?